విశాఖ ఉన్నత పాఠశాలల్లో వ్యవసాయ, వృత్తి విద్య: మడి కట్టడం నుంచి పదో తరగతి తర్వాతి దారి దాకా

విశాఖపట్నం నగరంలోను, చుట్టుపక్కల భీమిలి, ఆనందపురం, పద్మనాభం మండలాల్లోను ఉన్న ఉన్నత పాఠశాలల్లో వ్యవసాయాన్ని, దానితో ముడిపడిన వృత్తులను నేర్పాలనుకునే ప్రధానోపాధ్యాయులు, వృత్తి విద్యా శిక్షకులు, సైన్సు ఉపాధ్యాయుల కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. బడితోట పెట్టడం వేరు, వ్యవసాయ విద్య నేర్పడం వేరు. బడితోటలో నలుగురు నీళ్లు పోస్తారు, నలభై మంది చూస్తారు, పంద్రాగస్టు నాడు అతిథులకు చూపిస్తారు. వ్యవసాయ విద్యలో ప్రతి విద్యార్థికీ తనదని చెప్పుకోదగ్గ మడి, తన చేత్తో రాసిన పద్దు పుస్తకం ఉండాలి. అమెరికాలో 1917 నాటి స్మిత్-హ్యూస్ చట్టంతో ఉన్నత పాఠశాలల్లోకి వ్యవసాయ విద్య వచ్చినప్పటి నుంచి, ఉపాధ్యాయుడి పర్యవేక్షణలో విద్యార్థి సొంతంగా ఒక పని చేపట్టి, దాని జమాఖర్చులు రాసుకోవడం అక్కడి బోధనకు మూలంగా నిలిచింది. మన బడులకు అక్కడి నుంచి తెచ్చుకోదగ్గది ఈ ఒక్క అలవాటే. మిగిలినదంతా మన నేల, మన వానలు, మన సంతలను బట్టి మనమే అమర్చుకోవాలి.

మొదటి అడుగు: బడికి తగిన పనిని ఎంచుకోవడం

2020 నాటి జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే వృత్తి పరిచయం కావాలని చెప్పింది. 6 నుంచి 8 తరగతుల మధ్య పుస్తకాల సంచీ లేని 10 రోజులను సూచించింది. దాన్ని అనుసరించి వచ్చిన 2023 నాటి పాఠశాల విద్యా పాఠ్యప్రణాళిక చట్రం పనులను మూడు రకాలుగా చూసింది: ప్రాణమున్న వాటితో చేసే పని, యంత్రాలతోను పదార్థాలతోను చేసే పని, మనుషులకు సేవ చేసే పని. ఈ విభజన ప్రణాళిక వేసుకునేటప్పుడు నిజంగానే పనికొస్తుంది. మొక్కలు, కోళ్లు, చేపలు మొదటి రకం. మోటారు పంపు మరమ్మతు, బిందుసేద్యపు గొట్టాల అమరిక రెండో రకం. పండించినదాన్ని కొనేవారికి వివరించి అమ్మడం మూడో రకం. ఒకే తోటలో మూడూ ఇమిడి ఉన్నాయని గ్రహిస్తే మూడు వేర్వేరు కార్యక్రమాలు నడపాల్సిన శ్రమ తప్పుతుంది.

9, 10 తరగతుల్లో సమగ్ర శిక్ష కింద వృత్తి కోర్సు మంజూరైన బడి అయితే పాఠ్యపుస్తకం గురించి వెతుకులాట అక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీకి అనుబంధంగా భోపాల్‌లో ఉన్న పండిట్ సుందర్‌లాల్ శర్మ కేంద్రీయ వృత్తి విద్యా సంస్థ ఒక్కో పనికి ఒక్కో పుస్తకం తయారుచేసింది; వంగ, టమాటా, మిరప సాగు మీద 9, 10 తరగతులకు విడిగా పుస్తకాలు ఉన్నాయి. కోర్సు మంజూరు కాని బడి కూడా వీటిని తెచ్చుకుని, పని అనుభవం పిరియడ్లలో నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

ఎంపికలో చూడాల్సినవి నేల, నీరు, పిల్లల ఇళ్లలో జరిగే పని. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగాక అనకాపల్లి చెరకు పొలాలు, పాడేరు, అరకు కాఫీ తోటలు వేరే జిల్లాల్లోకి వెళ్లిపోయాయి. విశాఖ జిల్లాలో ఎక్కువ భాగం నగరమే మిగిలింది. ఆనందపురం వైపు బడికి కూరగాయలు, పూల సాగు సహజంగా కుదురుతుంది, ఎందుకంటే అక్కడ పూల మార్కెట్ ఉంది, పిల్లల్లో చాలామందికి బంతి, చామంతి కోయడం చిన్ననాటి నుంచే తెలుసు. జాలరిపేటల పిల్లలు చదివే బడిలో చేపల నిల్వ, వలల మరమ్మతు వదిలేసి టమాటా నారు మీద పడటం అర్థం లేని పని. అపార్టుమెంట్ల నడుమ ఇరుక్కున్న బడికి డాబా, లేకపోతే చీకటి గది ఒకటి మిగులుతాయి. వాటితో ఏం చేయవచ్చో తర్వాత చెబుతాను.

రెండో అడుగు: బడి క్యాలెండరును పంట క్యాలెండరుతో కలపడం

చాలా బడితోటలు ఎండిపోయేది చీడపీడల వల్ల కాదు, సెలవుల వల్ల. జూన్ మధ్యలో బడి తెరుస్తారు, దసరాకు మూస్తారు, సంక్రాంతికి మళ్లీ మూస్తారు, పదో తరగతివారు ఆ తర్వాత పరీక్షల ధ్యాసలో పడిపోతారు. కాబట్టి పంట కాలం ఈ సెలవుల మధ్య దొరికే రోజుల్లో ఇమిడేలా విత్తే తేదీని వెనక నుంచి లెక్కగట్టాలి.

తోటకూర, మెంతికూర 25 నుంచి 30 రోజుల్లోను, పాలకూర 35 నుంచి 40 రోజుల్లోను కోతకు వస్తాయి. జులై మొదటి వారంలో చల్లితే ఆగస్టులోగా మొదటి పాఠం పూర్తవుతుంది. బెండ విత్తిన 45 నుంచి 50 రోజులకు కాపు మొదలవుతుంది. దాన్ని కూడా జులైలోనే విత్తితే దసరా సెలవుల లోపు కాపులో ముఖ్యభాగం చేతికి అందుతుంది. వంగ, టమాటా నారును దసరా తర్వాత పోసుకుని, నెల తిరిగే లోపు నాటుకుంటే, సంక్రాంతి సెలవుల్లో మాత్రం ఇద్దరు ముగ్గురు పిల్లలు వంతులవారీగా వచ్చి తడులు ఇవ్వాల్సి వస్తుంది. ఆ వంతుల పట్టికను నవంబరులోనే తల్లిదండ్రుల సంతకాలతో ఖాయం చేసుకోవాలి.

మరో సంగతి తుపాన్లది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరాన్ని ఏం చేసిందో చూసినవారికి అక్టోబరు, నవంబరు నెలల్లో ఎత్తయిన పందిళ్ల మీద బీర, సొర పాకించడం ఎంత సాహసమో వేరే చెప్పనక్కరలేదు. పందిరి తప్పనిసరి అయితే గోడ వారగా, తక్కువ ఎత్తులో వేయాలి.

తరగతుల విషయంలో నా అభిప్రాయం స్పష్టం: ప్రధాన సాగు 8, 9 తరగతులవారి చేతుల్లో ఉండాలి. పదో తరగతివారికి జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఒక్క పంట, ఆ తర్వాత పద్దుల పరిశీలన, చిన్నవారికి నేర్పే బాధ్యత చాలు.

మూడో అడుగు: నేలను, నీటిని పరీక్షించడం

భూసార పరీక్షకు మట్టి తీయడమే ఒక మంచి పాఠం. తోటకు కేటాయించిన స్థలంలో వంకరటింకరగా నడుస్తూ 8 నుంచి 10 చోట్ల, పైనున్న ఆకులు, చెత్త తీసేసి, ఆంగ్ల అక్షరం ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వాలి. గుంట పక్క గోడ నుంచి పై నుంచి కింది దాకా ఒకే మందంలో మట్టిని చెక్కి తీయాలి. చెట్ల కింద, గట్ల మీద, పెంటకుప్ప ఉన్న చోట తీయకూడదు. ఈ మట్టినంతా ఒక గోనె మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండింటిని పారేసి, మిగిలినదాన్ని మళ్లీ కలిపి, అర కిలో మిగిలే దాకా ఇలాగే చేస్తూ పోవాలి. నీడలో ఆరబెట్టి, గుడ్డ సంచిలో పోసి, బడి పేరు, తేదీ, వేయబోయే పంట రాసిన చీటీ పెట్టి వ్యవసాయ శాఖ సిబ్బంది ద్వారా పరీక్షకు పంపాలి. ఫలితాలు వచ్చాక, మట్టి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే ఉదజని సూచిక (పీహెచ్) అంటే ఏమిటో రసాయనశాస్త్ర పిరియడులో చెప్పవచ్చు; తమ బడి మట్టి అంకె కళ్ల ముందుంటే ఆ పాఠం బోర్డు మీద రాసినదానికంటే బాగా ఎక్కుతుంది.

విశాఖ నేలల్లో ఎర్ర నేలలు ఎక్కువ. ఇవి నీటిని తొందరగా వదిలేస్తాయి, సేంద్రియ పదార్థం తక్కువగా ఉంటుంది. కాబట్టి బాగా చివికిన పశువుల ఎరువును చదరపు మీటరుకు 2 నుంచి 2.5 కిలోల చొప్పున విత్తే ముందు మట్టిలో కలపాలి. చివకని పేడ వేస్తే చెదలు, వేరుపురుగు వెంట వస్తాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న బడుల్లో నేల ఇసుక, బోరు నీరు ఉప్పు కావచ్చు. అటువంటి చోట మట్టితో పాటు నీటిని కూడా పరీక్షించాలి. పాలకూర, బీట్‌రూట్ కొంత ఉప్పును తట్టుకుంటాయి, చిక్కుడు జాతి తట్టుకోలేదు. రద్దీ రోడ్డు అంచునో పరిశ్రమల పక్కనో ఉన్న బడి అయితే ఉన్న నేలను వదిలి, ఇటుకలతో ఎత్తుమడులు కట్టి, బయటి నుంచి తెచ్చిన మంచి మట్టి నింపడం మేలు.

నాలుగో అడుగు: మడులు పంచడం, పద్దు పుస్తకం తెరవడం

ఈ అడుగులోనే అసలు విద్య ఉంది, కాబట్టి కొంచెం ఎక్కువ సేపు ఇక్కడ ఆగుదాం. ఒక మీటరు వెడల్పు, 3 మీటర్ల పొడవు ఉన్న మడిని నలుగురు విద్యార్థులకు కేటాయించాలి. వెడల్పు మీటరు దాటితే పిల్లలు మడిలోకి కాలు పెట్టకుండా మధ్యలోని కలుపు తీయలేరు. మడికి మడికి నడుమ అడుగున్నర దారి వదలాలి. సుమారు 40 చదరపు మీటర్లుండే ఒక సెంటు స్థలంలో దారులు పోను 8 మడులు కుదురుతాయి, అంటే 32 మంది ఉన్న తరగతికి ఒక్క సెంటు నేల చాలు. నేల చాలదనే సాకు చాలా బడుల విషయంలో నిలవదు.

విత్తే ముందు మొలక పరీక్ష చేయించాలి. తడిపిన గోనెపట్టా మీద 100 గింజలు వరుసగా పేర్చి, చుట్టి, నీడలో పెట్టి, తడి ఆరకుండా చూస్తే నాలుగైదు రోజుల్లో ఎన్ని మొలిచాయో లెక్కపెట్టవచ్చు. 80 మొలిస్తే 80 శాతం. శాతాల లెక్క ఇంతకంటే సులువుగా ఎక్కడా రాదు. తోటకూర గింజ మరీ సన్నం కాబట్టి సన్నని ఇసుకతో కలిపి చల్లాలి. లేకపోతే ఒకచోట గుంపుగా, ఒకచోట బోడిగా మొలుస్తుంది. బెండను సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 30 సెంటీమీటర్ల దూరంలో విత్తాలి.

ఇక పద్దు పుస్తకం. ప్రతి విద్యార్థి దగ్గర 100 పేజీల గీతల పుస్తకం ఒకటి ఉండాలి. గుంపుకు ఒకటి సరిపోదు, ఎందుకంటే గుంపులో దస్తూరీ బాగున్న పిల్ల ఒక్కతే రాస్తుంది, మిగతా ముగ్గురు సంతకం పెడతారు. ఎడమ పేజీలో తేదీవారీగా చేసిన పని, పట్టిన నిమిషాలు, కురిసిన వాన, కనబడిన పురుగు, మొక్క ఎత్తు రాయాలి. కుడి పేజీలో ఖర్చు, రాబడి రాయాలి. బడి ఉచితంగా ఇచ్చిన విత్తనానికి కూడా బజారు ధర కట్టి ఖర్చులో వేయాలి. పిల్లలు మొదట్లో దీన్ని ఒప్పుకోరు, ఊరికే వచ్చినదానికి ధర ఏమిటని అడుగుతారు. ఆ వాదన జరగనివ్వాలి.

ఒక ఊహా లెక్క చూడండి. తోటకూర మడిలో విత్తనానికి 10 రూపాయలు, ఎరువుకు 30 రూపాయలు అయ్యాయనుకుందాం. 5 కిలోల కూర కిలో 30 రూపాయల చొప్పున అమ్మితే 150 రూపాయలు వచ్చాయి. 110 రూపాయల లాభం అని నలుగురూ సంబరపడతారు. అప్పుడు ఎడమ పేజీ తిప్పించాలి. నలుగురూ రోజుకు 10 నిమిషాల చొప్పున 25 రోజులు పనిచేస్తే 1000 నిమిషాలు, అంటే 16 గంటల 40 నిమిషాలు. గంటకు 30 రూపాయలు మాత్రమే కట్టినా శ్రమ విలువ 500 రూపాయలు. లాభం అనుకున్నది 390 రూపాయల నష్టంగా తేలుతుంది. ఇంట్లో నాన్న, అమ్మ, తాత పొలంలో పడే కష్టం ఎందుకు లెక్కలోకి రావడం లేదో ఆ పిల్లలకు ఆ రోజు అర్థమవుతుంది. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి: ఎండుగడ్డి పరిస్తే కలుపు తీసే సమయం ఎంత తగ్గుతుంది, బిందుసేద్యపు గొట్టం వేస్తే నీళ్లు పోసే సమయం ఎంత మిగులుతుంది, మడి పెద్దదైతే కిలోకు పట్టే నిమిషాలు తగ్గుతాయా. రెండో పంటలో ఈ ప్రశ్నల్లో ఒకదాన్ని ఎంచుకుని, రెండు మడుల్లో పోల్చి చూడమనాలి. సైన్సు ప్రదర్శనకు అట్టముక్కల నమూనాల కంటే ఈ పోలిక ఎంతో మేలు.

మార్కులు కూడా పద్దు పుస్తకాన్ని బట్టే వేయాలి. పంట పోయినా పుస్తకం నిజాయతీగా రాసిన విద్యార్థికి, పంట పండించి పుస్తకం చివరి రోజు నింపినవాడికంటే ఎక్కువ మార్కులు రావాలి.

ఐదో అడుగు: పోషణ, చీడల అదుపు, పిల్లల భద్రత

రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి సాగును ఊరూరా ప్రచారం చేస్తోంది కాబట్టి, నేలకు పోసే జీవామృతం మాట పిల్లలకు కొత్తది కాదు. ఎకరానికి 200 లీటర్ల నీటికి 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి కలపాలని చెబుతారు. బడికి 20 లీటర్లు చాలు. అన్నింటినీ పదో వంతుకు తగ్గించమని ఏడో తరగతివారికి ఇస్తే నిష్పత్తుల లెక్క అయిపోతుంది. నీడలో ఉంచి, రోజుకు రెండుసార్లు కలియబెట్టి, 48 గంటల తర్వాత వాడాలి. వారం దాటితే వాడకూడదు. బెల్లం అనకాపల్లి నుంచి తెప్పించినా సరే, నల్లబెల్లమే తీసుకోవాలి. దానికి తెల్లబెల్లం దండగ.

రసాయన పురుగుమందులను బడి ఆవరణలోకి రానివ్వకూడదు. పేనుబంక, పచ్చపురుగు కనబడితే లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బునీరు కలిపి, సాయంత్రం పూట పెద్దల సమక్షంలో చల్లాలి. పార పట్టే ముందు చెప్పులు కాదు, బూట్లు ఉండాలి. పని పాఠంగా జరగాలే తప్ప బడికి కూలీ కాకూడదు. 1986 నాటి బాల కార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ 14 ఏళ్ల లోపువారిని పనిలో పెట్టుకోవడాన్ని, 18 ఏళ్ల లోపువారిని ప్రమాదకర పనుల్లో పెట్టుకోవడాన్ని నిషేధించింది. వర్క్‌షాపులకు, పొలాలకు పిల్లలను పంపేటప్పుడు ఈ గీత ఎక్కడుందో యజమానికి కూడా ముందే చెప్పాలి.

నేల లేని బడికి

డాబా మీద పెంచే సంచుల్లో ఎర్రమట్టి, చివికిన ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో నింపితే బరువు తగ్గుతుంది. అయినా డాబా మోయగలదో లేదో ఇంజనీరుతో చూపించుకోకుండా మొదలుపెట్టకూడదు.

ఒక గది దొరికితే ముత్యపు చిప్ప పుట్టగొడుగుల పెంపకం అన్నింటికంటే తొందరగా ఫలితం చూపుతుంది. విశాఖలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు దీనికి అనువైన కాలం. వరిగడ్డిని మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, నానబెట్టి, వేడినీటిలో ఉడికించి, ఆరబెట్టాలి. గుప్పిట పిండితే నీరు కారకూడదు, అరచెయ్యి మాత్రం తడి కావాలి. పాలిథీన్ సంచిలో గడ్డి ఒక పొర, విత్తనం ఒక పొర చొప్పున నింపి చీకటి గదిలో వేలాడదీస్తే 15 నుంచి 20 రోజుల్లో తెల్లని బూజు సంచి నిండా అల్లుకుంటుంది. అప్పుడు సంచికి గాట్లు పెట్టి, గదిలో తేమ తగ్గకుండా నీళ్లు చిలకరిస్తూ ఉంటే వారం పది రోజుల్లో మొదటి కోత వస్తుంది. వేడినీటిలో ఉడికించే పని పెద్దలే చేయాలి.

తీరప్రాంతపు బడిలో చేపల నాణ్యత మీద చిన్న ప్రయోగం చేయించవచ్చు. ఒకే రకం, ఒకే పరిమాణం ఉన్న చేపలు రెండు తీసుకుని, ఒకదాన్ని దాని బరువుకు సమానమైన మంచుముక్కల మధ్య పెట్టి, రెండోదాన్ని అలాగే వదిలేసి, గంట గంటకు కళ్లు, మొప్పల రంగు, కండ బిగువు, వాసన నమోదు చేయించాలి. చేపల రేవులో బేరం దేన్ని చూసి జరుగుతుందో ఆ పట్టిక చెబుతుంది. తల్లులు చేపలమ్మే పిల్లలు ఈ తరగతిలో ఉపాధ్యాయుడికే పాఠం చెబుతారు, చెప్పనివ్వాలి.

ఆరో అడుగు: సందర్శనలు, అమ్మకం

సందర్శన అంటే బస్సు, పులిహోర, ఫొటోలు అయిపోకూడదు. వెళ్లే ముందు ప్రతి విద్యార్థి తన మడిలో తేలని ఒక ప్రశ్న రాసుకుని, దానికి జవాబు తెచ్చుకోవాలి. అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం చెరకు, బెల్లం మీద పనిచేస్తుంది. రాంబిల్లి మండలం హరిపురంలో భాగవతుల చారిటబుల్ ట్రస్టు నడిపే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఒక రోజులో ఒక చోటు చాలు.

అమ్మకానికి మొదటి కొనుగోలుదారు బడిలోని మధ్యాహ్న భోజన వంటశాలే. ఊరికే ఇచ్చేయకుండా, ఆ రోజు రైతుబజారు ధరను పద్దులో రాయించి ఇవ్వాలి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం రైతుబజార్లలో ధరల బోర్డులు ఉంటాయి. దగ్గర్లో ఇల్లున్న విద్యార్థి వారానికి ఒకసారి ఆ ధరలు రాసుకొస్తే ఏడాది చివరికి గీసే గ్రాఫులో కార్తీకమాసపు కూరగాయల ధరలు ఏమవుతాయో కనబడుతుంది.

ఏడో అడుగు: పదో తరగతి తర్వాత దారి చూపడం

ఈ మాటలు తల్లిదండ్రులతో జనవరిలోనే మాట్లాడాలి. ఫలితాలు వచ్చాక మాట్లాడితే అప్పటికే ఏదో ఒక కార్పొరేట్ కళాశాలకు అడ్వాన్సు కట్టేసి ఉంటారు.

వ్యవసాయం మీద మనసున్నవారికి గుంటూరు దగ్గరి లాంలో ప్రధాన కార్యాలయం ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలోని పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా ఉంది. ఉద్యాన డిప్లొమాకు వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం, పశుసంవర్ధక డిప్లొమాకు తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. వ్యవసాయ డిప్లొమా చేసినవారు అగ్రిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరవచ్చు కాబట్టి, డిప్లొమాతో చదువు ఆగిపోతుందనే భయం అక్కర్లేదు. గ్రామీణ ప్రాంతంలో చదివినట్లు ధ్రువపత్రం అడిగే నిబంధనలు ఈ కోర్సుల్లో ఉంటూ వచ్చాయి. నగరంలో చదివిన పిల్లలు ఆ ఏటి ప్రకటనను జాగ్రత్తగా చదివాకే ఆశ పెట్టుకోవాలి. ఇంటర్‌లో వ్యవసాయ వృత్తి కోర్సు తీసుకున్నవారు తర్వాత సాధారణ డిగ్రీల వైపు మళ్లాలంటే, ఆ చదువుకు కావాల్సిన సాధారణ సబ్జెక్టుల్లో బ్రిడ్జి కోర్సు పరీక్ష కూడా రాయాలి. కళాశాలలో చేరే రోజే దాని గురించి అడగాలి, రెండో ఏడాది చివర్లో అడిగితే చాలా ఆలస్యం.

సముద్రం వైపు వెళ్లేవారికి విశాఖలోనే అరుదైన అవకాశం ఉంది. చేపల వేట నౌకలు నడపడం, వాటి యంత్రాలు చూసుకోవడం నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ సిఫ్‌నెట్‌కు ప్రధాన కేంద్రం కొచ్చిలో ఉంది, ఇక్కడ ఒక శాఖ ఉంది. పదో తరగతి పాసైనవారికి వెజల్ నావిగేటర్, మెరైన్ ఫిట్టర్ అనే రెండేళ్ల కోర్సులు అది నేర్పుతుంది. గణితం, సైన్సుల్లో కనీస మార్కులు, వయోపరిమితి ఉంటాయి కనుక తొమ్మిదో తరగతిలోనే చెప్పి ఉంచాలి.

యంత్రాల మీద ఆసక్తి ఉన్నవారికి కంచరపాలెంలోనే ప్రభుత్వ ఐటీఐ, ప్రభుత్వ పాలిటెక్నిక్ రెండూ ఉన్నాయి. అమ్మాయిలకు భీమిలిలో మహిళా పాలిటెక్నిక్ ఉంది. పాలిటెక్నిక్‌కు పాలీసెట్ రాయాలి, మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లవి, వెల్డర్ ఏడాదిది. స్టీల్‌ప్లాంటు, హిందుస్థాన్ షిప్‌యార్డు, నౌకాదళ డాక్‌యార్డు, పోర్టు ఉన్న ఊరిలో ఐటీఐ తర్వాత అప్రెంటిస్‌షిప్‌కు దూరం వెళ్లనక్కర లేదు. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం ప్రకారం కనీస వయసు 14, ప్రమాదకర పరిశ్రమల్లో అయితే 18. పదహారేళ్లకే ఏడాది వెల్డర్ కోర్సు పూర్తిచేసిన కుర్రాడు అటువంటి చోట చేరడానికి ఆగాల్సి వస్తుంది. రెండేళ్ల ట్రేడు ఎంచుకుంటే ఆ ఖాళీ చాలావరకు పూడుతుంది. ఈ లెక్కను తండ్రికి కాగితం మీద వేసి చూపించాలి.

ఏ దారిలో వెళ్లినా టీసీతో పాటు పద్దు పుస్తకాన్ని కూడా విద్యార్థి చేతికే ఇవ్వాలి. అతని మడి ఏప్రిల్ చివరి పనిదినం లోపు, ఏ మూల ఎరువు తక్కువైంది, ఏ పంట వరుసగా రెండుసార్లు వేశారు అన్న వివరాలు రాసిన చీటీతో సహా, కింది తరగతి గుంపుకు అప్పగించాలి.